మాత్ర వేసుకున్నాక వచ్చిందంతా మాత్ర వల్లేనా? రోజువారీ మందుల సైడ్ ఎఫెక్టుల సంగతి

నెలకోసారి పేపర్లో ఒక వార్త కనిపిస్తుంది. ఫలానా బీపీ మందు, ఫలానా షుగర్ మందు నాణ్యత పరీక్షలో ఫెయిలైందని. ఆ రోజంతా వాట్సాప్‌లో అదే తిరుగుతుంది. సాయంత్రానికి విశాఖలో ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఎవరో ఒకరు పదేళ్లుగా వేసుకుంటున్న బిళ్ల మానేస్తారు. అదే ఇంట్లో మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్ట్రిప్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. నొప్పి తగ్గుతోంది కదా అని రోజూ వేసుకుంటూనే ఉంటారు. వైద్యపరంగా చూస్తే ఈ రెండింటిలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఆ రెండో స్ట్రిప్‌తోనే. భయం ఒక చోట, ప్రమాదం ఇంకో చోట ఎందుకు ఉంటున్నాయో తెలియాలంటే, సైడ్ ఎఫెక్ట్ అంటే ఏమిటి, దాన్ని ఎలా లెక్కేస్తారు అన్న దగ్గర మొదలుపెట్టాలి.

వార్తల్లో కలిసిపోతున్న నాలుగు వేర్వేరు విషయాలు

మొదటిది నాణ్యత లోపం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ప్రతి నెలా కొన్ని మందుల నమూనాలు పరీక్షించి, ప్రమాణానికి తగ్గట్టు లేనివాటి జాబితా ఇస్తుంది. 2024 ఆగస్టు నెల జాబితాలో పారాసిటమాల్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టన్ లాంటి ఇంటింటా ఉండే పేర్లు రావడంతో పెద్ద కలకలం రేగింది. కానీ ఆ జాబితాలో పేరు పక్కనే బ్యాచ్ నంబరు కూడా ఉంటుంది. ఫెయిలైంది ఆ బ్యాచ్ మాత్రమే. ఆ మందు పేరుతో దేశమంతా అమ్మే ప్రతి బిళ్లా కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు చనిపోయిన ఘోరం కూడా ఈ కోవలోనిదే. ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసింది. అది కల్తీ. దాన్ని మందు సైడ్ ఎఫెక్ట్ అనడానికి లేదు.

రెండోది అసలు సైడ్ ఎఫెక్ట్. మందు చక్కగా తయారైంది, డాక్టరు సరైన డోసే రాశారు, రోగి సరిగ్గానే వేసుకున్నాడు. అయినా వచ్చే ఇబ్బంది ఇది. కడుపులోకి వెళ్లిన మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మోకాలి కోసం వేసుకున్నదని దానికి తెలియదు. మోకాల్లో ఏ రసాయనాన్ని అడ్డుకుని నొప్పి తగ్గిస్తుందో, పొట్ట గోడలోనూ కిడ్నీలోనూ అదే రసాయనాన్ని అడ్డుకుంటుంది.

మూడోది అలెర్జీ. ఇక్కడ శరీరంలోని రక్షణ వ్యవస్థ మందును శత్రువుగా చూసి తిరగబడుతుంది. దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం వగైరా వస్తాయి. పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్ వేసుకుంటే విరేచనాలైతే అది సైడ్ ఎఫెక్ట్. పెదాలు వాచి ఆయాసం వస్తే అలెర్జీ. ఈ తేడా ఆసుపత్రి కేసు షీటులో చాలా పెద్దది. పెన్సిలిన్ అలెర్జీ అని ఒకసారి రాస్తే ఆ కుటుంబానికి చెందిన మందులన్నీ పక్కన పెట్టేస్తారు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం అక్కడ తమకు పెన్సిలిన్ అలెర్జీ ఉందని చెప్పేవాళ్లు సుమారు 10 శాతం. నిజంగా ఉన్నది ఒక శాతం లోపే.

నాలుగోది మందుకీ మందుకీ మధ్య పేచీ. విడివిడిగా ఏ గొడవా చేయని రెండు మందులు కలిస్తే తేడా చేస్తాయి. రోజువారీ మందుల విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. అందుకే ఈ వ్యాసంలో దీనికి ప్రత్యేకంగా చోటు ఇస్తున్నాను.

"సాధారణం", "అరుదు" అన్న మాటల వెనక ఉన్న అంకెలు

మందు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం తెరిస్తే గుండె జారుతుంది. తలనొప్పి నుంచి కాలేయం దెబ్బతినడం దాకా అన్నీ ఒకే వరసలో ఉంటాయి. అయితే ఆ జాబితాల్లో వాడే మాటలకి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలు ఉన్నాయి. పదిమందిలో ఒకరికి గానీ అంతకన్నా ఎక్కువమందికి గానీ వస్తే అతి సాధారణం. వందలో ఒకరి నుంచి పదిలో ఒకరి దాకా అయితే సాధారణం. వెయ్యిలో ఒకరి నుంచి వందలో ఒకరి దాకా అయితే అంత సాధారణం కాదు. పదివేలలో ఒకరి నుంచి వెయ్యిలో ఒకరి దాకా అయితే అరుదు. అంతకన్నా తక్కువైతే అత్యంత అరుదు.

కాబట్టి "సాధారణ సైడ్ ఎఫెక్ట్" అంటే చాలామందికి వస్తుందని కాదు. నూటికి తొంభై మందికి పైగా అది రానే రాదు.

ఇంకో చిక్కు శాతాలతో వస్తుంది. "ముప్పు 31 శాతం పెరుగుతుంది" అని చదివితే వందలో 31 మందికి జబ్బు చేస్తుందనుకుంటాం. అసలు ముప్పు ఎంత అన్నది తెలియకుండా, ఎంత పెరిగింది అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఈ 31 శాతం నిజంగా ఒక అధ్యయనంలో వచ్చిన అంకె. కిడ్నీల దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని విప్పి చూద్దాం.

కాళ్ల వాపుతో మొదలై నాలుగో బిళ్ల దాకా

బీపీకి ఎక్కువగా రాసే మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. రక్తనాళాలను సడలించి బీపీ తగ్గిస్తుంది. చవక, పని బాగా చేస్తుంది. దీని సైడ్ ఎఫెక్టుల్లో అందరికీ తెలియాల్సింది పాదాల వాపు. ఆ వాపు డోసును బట్టి ఎలా పెరుగుతుందో మందు అధికారిక సమాచార పత్రంలోనే ఉంది: 2.5 మిల్లీగ్రాములకి 1.8 శాతం మందిలో, 5 మిల్లీగ్రాములకి 3 శాతంలో, 10 మిల్లీగ్రాములకి 10.8 శాతంలో. డోసు రెట్టింపైతే వాపు మూడు రెట్లు దాటుతోందని చివరి రెండు అంకెలు చెబుతున్నాయి.

ఒక ఊహా కేసు చూద్దాం. గాజువాకలో ఉండే 66 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి అనుకోండి. బీపీ కంట్రోల్ కావట్లేదని డాక్టరు ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి పెంచారు. నెల తిరిగేసరికి సాయంత్రాలు చెప్పుల పట్టీ పాదం మీద గుంటగా అచ్చు పడుతోంది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. ఇంట్లోవాళ్లు గుండెకో కిడ్నీకో ఏదో అయిందని టెన్షన్ పడి, పాత చీటీ తీసుకెళ్లకుండా ఇంకో డాక్టరుకి చూపించారు. నీరు పట్టిందని ఆయన నీరు తీసే మాత్ర రాశారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది, నిద్ర లేదు, పిక్కలు పట్టేస్తున్నాయి. పిక్కలు పట్టేయడానికి కారణం ఆ మాత్రతో పొటాషియం పోవడం కావచ్చు. దానికొక సిరప్, నిద్రకొక బిళ్ల. ఆ నిద్ర బిళ్ల మత్తులో అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు, దాని ఇబ్బందికి మరో మందు. వైద్యులు దీన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. ఇందులో ఏ డాక్టరూ తప్పు మందు రాయలేదన్నది గమనించాలి. తమ ముందున్న లక్షణానికి తగిన మందే ఇచ్చారు. మొదటి చీటీ రెండో డాక్టరు కంటపడకపోవడమే అసలు సమస్య. పైగా ఆమ్లోడిపిన్ వాపు ఒంట్లో నీరు పెరగడం వల్ల వచ్చేది కాదు. సన్నటి రక్తనాళాల్లోంచి నీరు కణజాలంలోకి ఊరడం వల్ల వస్తుంది. అందుకే నీరు తీసే మాత్రకి అది పెద్దగా లొంగదు. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, టెల్మిసార్టన్ లాంటి మందు జత చేయడమో డాక్టర్లు చేసే పనులు. అలాగని పాదాల వాపు ఎప్పుడూ మందు వల్లే అనుకోవడానికీ లేదు. ఆయాసం, ముఖం వాపు కూడా ఉంటే గుండె, కిడ్నీల వైపు చూడాల్సిందే.

బీపీ మందుల్లో ఇలాంటిదే ఇంకొకటి పొడి దగ్గు. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం మందులతో సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది. బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుని గొంతులో గరగర పెడుతుంది. నెలల తరబడి సిరప్‌లు మార్చినా తగ్గదు, మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది.

ఒక పేరు, లోపల రెండు మూడు మందులు

మన దగ్గర స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు మూడు మందులు కలిపి ఒకే బిళ్లగా అమ్మడం మన దేశంలో మరీ ఎక్కువ. ఇలాంటి కలయికల్లో వైద్యపరంగా అర్థంలేనివని తేలిన వాటిని ప్రభుత్వం 2016లో 344, 2018లో 328, 2024లో 156 నిషేధించింది. నిజంగా మేలు చేసే కలయికలు కూడా ఉన్నాయి. బీపీకి రెండు మందులు ఒకే బిళ్లలో ఉంటే మర్చిపోకుండా వేసుకుంటారు. టీబీ చికిత్సలో కలయిక మాత్రలు ఎంతో ఉపయోగపడ్డాయి. ఇబ్బందల్లా లోపల ఏముందో వేసుకునేవాళ్లకి తెలియకపోవడం దగ్గరే.

పారాసిటమాల్‌తో లెక్క వేసి చూద్దాం. పెద్దవాళ్లకి రోజుకి 4,000 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయ జబ్బు, మద్యం అలవాటు, బక్కపలచటి ఒళ్లు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. జ్వరం వచ్చినాయన 650 బిళ్ల రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే 2,600. ముక్కు కారుతోందని జలుబు బిళ్ల మూడుసార్లు వేసుకున్నాడు, దానిలో ఒక్కోదానికి 500 చొప్పున 1,500. ఒళ్లు నొప్పులకి అసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ల రెండుసార్లు, అందులో 325 చొప్పున 650. మొత్తం 4,750. మూడు రకాల బిళ్లలు వేసుకున్నానని ఆయన అనుకుంటాడు. మూడింట్లోనూ ఒకే మందు ఉంది, పరిమితి దాటింది. ఒక్కరోజు ఇలా అయినంత మాత్రాన కాలేయం పాడైపోతుందని కాదు. డెంగీ జ్వరంలో కాలేయం అప్పటికే నలిగి ఉన్న మనిషి నాలుగైదు రోజులు ఇలాగే చేస్తే మాత్రం సంగతి వేరు.

నొప్పి బిళ్ల, బీపీ బిళ్ల, మే నెల ఎండ

"బాబూ, మోకాళ్ల నొప్పులకి ఓ పది బిళ్లలియ్యి."

"అలాగే మామ్మగారూ. అన్నం తిన్నాక వేసుకోండి."

మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ మాటలు రోజూ వినిపిస్తాయి. అన్నం తిన్నాక వేసుకోమనడం మంచి సలహానే, పొట్టలో మంట కొంత తగ్గుతుంది. కానీ డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు రక్తంలో కలిశాక చేసే పనిని అన్నం ఆపలేదు. అడగాల్సిన ప్రశ్న, అవతలివాళ్లు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది: బీపీకి ఏం వాడుతున్నారు?

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న చిన్న జల్లెడలు ఉంటాయి. రక్తం లోపలికి వచ్చే గొట్టం ఒకటి, బయటికి పోయే గొట్టం ఒకటి. వచ్చే గొట్టం తెరుచుకుని, పోయే గొట్టం కాస్త బిగిస్తేనే మధ్యలో ఒత్తిడి నిలిచి వడపోత జరుగుతుంది. వచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్ల అడ్డుకునేది వీటినే. పోయే గొట్టాన్ని బిగించేది యాంజియోటెన్సిన్. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి దాన్ని అడ్డుకుంటాయి. ఇక నీరు తీసే మందు అసలు వచ్చే రక్తం పరిమాణాన్నే తగ్గిస్తుంది. ఈ మూడూ కలిస్తే జల్లెడలో ఒత్తిడి పడిపోవచ్చు, వడపోత బాగా తగ్గిపోవచ్చు. ఇంగ్లిష్ వైద్య గ్రంథాలు దీనికి ట్రిపుల్ వామీ, అంటే మూడు వైపుల దెబ్బ, అని పేరు పెట్టాయి.

మూడు మందులా, నేను వాడేది బీపీకి ఒకే బిళ్ల కదా అనిపించవచ్చు. టెల్మిసార్టన్ పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు తీసే మందు కూడా ఉన్నట్టే. ఒక్క బిళ్లలో రెండు అయిపోయాయి. మూడోది షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల.

ముప్పు ఎంత? 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం బీపీ మందులు వాడే 4,87,372 మందిని పరిశీలించింది. రెండు బీపీ మందులతో పాటు నొప్పి బిళ్ల కూడా వాడినవాళ్లలో, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ముప్పు 31 శాతం ఎక్కువ కనిపించింది. మొదటి 30 రోజుల్లో అయితే 82 శాతం. ఇందాక అనుకున్న లెక్క ఇక్కడ పెడదాం. ఆ అధ్యయనంలో మొత్తం మీద ఏడాదికి పదివేలమందిలో సుమారు ఏడుగురికి ఈ సమస్య వచ్చింది. స్థూలంగా ఆ ఏడుకి 31 శాతం కలిపితే తొమ్మిది. 82 శాతం లెక్కన పదమూడు. అంటే ఏ ఒక్క మనిషికైనా ముప్పు చిన్నదే. కానీ ఈ కలయిక వాడేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు, ఆ కొద్దిమందే డయాలసిస్ వార్డుల్లో కనిపిస్తారు.

అది బ్రిటన్ లెక్క, అక్కడి చల్లటి వాతావరణంలో ఉన్న మనుషులది. విశాఖలో మే నెల ఉక్కపోతలో పోర్టులోనో, భవన నిర్మాణంలోనో చెమటోడ్చే మనిషికి ఒంట్లో నీరు ముందే తక్కువ. వాంతులో విరేచనాలో తోడైతే ఇంకా తక్కువ. అలాంటప్పుడు కిడ్నీ ఈ మూడింటినీ తట్టుకునే శక్తి తగ్గుతుందన్నది కిడ్నీ పనితీరు నుంచే అర్థమయ్యే విషయం.

కిడ్నీ అనగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి ఏళ్ల తరబడి రోగులు విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానం జబ్బుకి ఇదే కారణమని ఇప్పటికీ ఒక్కటి తేలలేదు. నీళ్లు, ఎండలో ఒంటి నీరు ఆరిపోవడం, పురుగుమందులు, వంశపారంపర్యం, నొప్పి బిళ్లలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. నొప్పి బిళ్లల వల్లే ఉద్దానం జబ్బు వచ్చిందని ఎవరైనా ఖాయంగా చెబితే అది ఆధారం లేని మాట. కిడ్నీ అప్పటికే బలహీనంగా ఉన్న మనిషికి ఈ బిళ్లలు ఇంకా హాని చేస్తాయన్నది మాత్రం వివాదం లేని విషయం. పొలం పని చేసి ఒళ్లు నొప్పులతో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే దొరికేది ఎక్కువగా ఆ బిళ్లో, ఆ ఇంజెక్షనో కావడమే బాధ కలిగించేది.

ఉపవాసం ఉన్నా ఆగని షుగర్ బిళ్ల

షుగర్‌కి ఎక్కువగా కనిపించే జంట మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. రెండూ ఒకే బిళ్లలో కలిపి ఉండటం మామూలే. కానీ రెండింటి స్వభావాలు వేరు.

మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. భోజనంతో వేసుకున్నా, మెల్లగా విడుదలయ్యే రకానికి మారినా చాలామందికి సర్దుకుంటుంది. ఎక్కువ ఏళ్లు వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లో దీన్ని సాధారణ సైడ్ ఎఫెక్టుల్లో చేర్చింది. బీ12 తగ్గితే అరికాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అవే తిమ్మిర్లు. రక్తపరీక్ష చేస్తే గానీ ఏది కారణమో తెలియదు. మాంసం, గుడ్లు తినని ఇళ్లలో ఈ అనుమానానికి బలం ఎక్కువ.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. క్లోమగ్రంథిని పట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. మనిషి తిన్నాడా లేదా అన్నది దానికి పట్టదు. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరిప్రదక్షిణకి బయల్దేరే భక్తులను తలుచుకోండి. కొండ కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఉదయం ఎప్పట్లాగే బిళ్ల వేసుకుని, ఉపవాసంతో నడక మొదలుపెట్టిన షుగర్ రోగి ఒంట్లో మూడు ఒకేసారి జరుగుతాయి. బిళ్ల ఇన్సులిన్ వదిలిస్తూ ఉంటుంది, కండరాలు గ్లూకోజ్ లాగేస్తూ ఉంటాయి, బయటి నుంచి వచ్చేది ఏమీ లేదు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం మొదలవుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు అలసట అనుకుంటారు. కార్తీక సోమవారాలకీ, రంజాన్ ఉపవాసాలకీ ఇదే లెక్క. అందుకే ఉపవాసం ఉంటామని ముందే చెబితే డాక్టర్లు ఆ రోజులకి మందు వేళ, డోసు మారుస్తారు.

దీనికి ఇంకో మెలిక ఉంది. బీపీకో గుండెదడకో మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి వాడుతుంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ పైకి కనపడవు. చెమట మాత్రం పడుతుంది. అప్పుడు హెచ్చరికగా మిగిలేది అదొక్కటే కావచ్చు.

గ్యాస్ బిళ్ల మంచిదా, చెడ్డదా: రెండు వైపుల వాదన

పాంటప్రజోల్ లేని చీటీ మన దగ్గర అరుదు. జ్వరానికి వెళ్లినా, పంటి నొప్పికి వెళ్లినా చివర్లో ఒక గ్యాస్ బిళ్ల ఉంటుంది. పొద్దున్నే పరగడుపున వేసుకోవడం చాలా ఇళ్లలో కాఫీ తాగినంత అలవాటైపోయింది.

ఏళ్ల తరబడి వాడితే ఎముకలు విరుగుతాయి, కిడ్నీలు పాడవుతాయి, మతిమరుపు వస్తుంది అని వచ్చిన కథనాలకి మూలం పరిశీలనా అధ్యయనాలు. అంటే ఆ మందు వాడేవాళ్లనీ వాడనివాళ్లనీ పోల్చి చూసినవి. వాటితో చిక్కేమిటంటే, గ్యాస్ బిళ్ల ఎక్కువగా వాడేది ముందే జబ్బులూ వయసూ ఎక్కువ ఉన్నవాళ్లు. తేడా మందు వల్లనా, మనుషుల వల్లనా తేల్చడం కష్టం. దీన్ని తేల్చడానికి 17,598 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగంమందికి పాంటప్రజోల్, సగంమందికి మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి మూడేళ్లు చూశారు. 2019లో ఫలితం వచ్చింది. పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం 1.0 శాతం నుంచి 1.4 శాతానికి పెరిగాయి. మిగతా భయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

అయితే పదేళ్లూ పదిహేనేళ్లూ వాడితే ఏమవుతుందో మూడేళ్ల పరీక్ష చెప్పలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. మెగ్నీషియం, బీ12 తగ్గే అవకాశం ఉందని వైద్యులు ఒప్పుకుంటారు. ఇంకొక సంగతి: ఎసిడిటీ ఏమాత్రం లేని 120 మందితో చేసిన ఒక ప్రయోగంలో ఎనిమిది వారాలు ఈ రకం మందు ఇచ్చి ఆపేస్తే, 44 శాతం మందికి మంట, పులితేన్పులు మొదలయ్యాయి. ఉత్తుత్తి బిళ్ల వాడినవాళ్లలో అవి 15 శాతం మందికే. ఆపగానే మంట తిరగబెడుతుంది, మందు లేకపోతే కుదరదని మళ్లీ మొదలుపెడతారు. ఆస్పిరిన్, నొప్పి బిళ్లలు తప్పనిసరిగా వాడే పెద్దవాళ్లకి పొట్టలో రక్తస్రావం కాకుండా కాపాడేది ఈ గ్యాస్ బిళ్లే అన్నదీ మర్చిపోకూడదు.

నా దృష్టిలో పాంటప్రజోల్ కన్నా ఎక్కువ చర్చ జరగాల్సింది పేరు చివర డి ఉండే రకం మీద. ఆ డి అంటే చాలాసార్లు డోంపెరిడోన్. గుండె లయ తప్పే ముప్పు ఉందని ఐరోపా ఔషధ సంస్థ 2014లో దీన్ని వాంతులు, వికారానికే పరిమితం చేసింది. రోజుకి 30 మిల్లీగ్రాములు మించకుండా, మామూలుగా వారం దాటకుండా వాడాలంది. కడుపు ఉబ్బరానికి వద్దంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపి వాడొద్దని కూడా చెప్పింది. మన ఇళ్లలో అది గ్యాస్ బిళ్ల పేరుతో నెలల తరబడి నడుస్తోంది.

స్టాటిన్లు: భయం కూడా నొప్పి తెస్తుందా?

కొలెస్ట్రాల్ మందులు వేసుకుంటే కండరాలు నొప్పి పుడతాయని చాలామంది మానేస్తారు. ఇలా మానేసిన 60 మందితో లండన్‌లో చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. ఒక్కొక్కరికీ నెలకొకటి చొప్పున పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి బిళ్లలు, నాలుగు ఖాళీ సీసాలు. రోజూ తమ ఇబ్బందికి వందకి ఇన్ని మార్కులని వేసుకోమన్నారు. బిళ్ల లేని నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తుత్తి బిళ్ల నెలల్లో 15.4.

అంటే వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. నొప్పి నిజంగానే కలిగింది. బిళ్ల వేసుకుంటున్నామన్న భావనే దానిలో చాలా భాగాన్ని తెచ్చింది. దీన్ని నొసీబో ప్రభావం అంటారు. 2022లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ కూడా ఇదే దారిలో ఉంది. అయితే మొదటి ఏడాదిలో వెయ్యిమందికి సుమారు 11 మందిలో కండరాల నొప్పికి స్టాటినే కారణమని అదే విశ్లేషణ తేల్చింది. కాబట్టి "అంతా మీ భ్రమ" అని రోగిని కసురుకోవడానికి ఈ అధ్యయనాల్లో ఆధారం లేదు. నొప్పి విపరీతంగా ఉండి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే అది కండరం కరిగిపోతున్న సూచన కావచ్చు. చాలా అరుదు, కానీ అత్యవసరం.

జలుబు మందుల్లో ఉండే మత్తు

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ అందరికీ కాకపోయినా కొందరికి బాగా మత్తు తెస్తాయి. రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి, జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మాంటెలుకాస్ట్ కలిసిన బిళ్లల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తీవ్ర హెచ్చరిక పెట్టింది. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కొందరిలో కనిపించడమే కారణం. ఆస్తమాకి ఆ మందు విలువ పోలేదు. మామూలు తుమ్ములకి అంత అవసరమా అన్నదే ప్రశ్న. పిల్లల విషయంలో మన నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు వాళ్లకి వాడొద్దని లేబుల్ మీద రాయమంది. నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకి 2011 నుంచే నిషేధం.

మందు వల్లే అని ఎలా తేలుస్తారు?

దీనికి 1981 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది, నరాంజో స్కేల్. పది ప్రశ్నలు. ఇబ్బంది మందు మొదలుపెట్టాకే వచ్చిందా? ఆపితే తగ్గిందా? మళ్లీ వాడితే మళ్లీ వచ్చిందా? వేరే కారణం ఏదైనా ఉందా? ఇంతకుముందు ఇలాంటిది జరిగిందా? జవాబులకి మార్కులు వేసి ఖాయం, సంభావ్యం, సాధ్యం, అనుమానమే అని నాలుగు మెట్లలో ఒకదాని మీద పెడతారు. చాలా కేసులు మధ్య మెట్ల దగ్గరే ఆగుతాయి. గుండె మందో, ఫిట్స్ మందో అయితే ఆపి చూడటమే ప్రమాదం కాబట్టి, అది ఇంట్లో చేసుకునే పరీక్ష కాదు.

ఒక్క కేసుతో తేలనిది వందల కేసులు ఒక చోట చేరితే తేలుతుంది. అందుకోసం 2010లో భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమం మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతుంది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 నవంబరులో వచ్చిన హెచ్చరిక ఇలా చేరిన ఫిర్యాదుల నుంచి పుట్టిందే. దాని వల్ల డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలెర్జీ రావచ్చని కమిషన్ చెప్పింది. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం, ఒళ్లంతా దద్దురు, గ్రంథుల వాపు వస్తాయి. కాలేయం లాంటి అవయవాలూ దెబ్బతినొచ్చు. ఇన్ని వారాల తర్వాత వచ్చే జ్వరాన్ని ఎప్పుడో వేసుకున్న బిళ్లతో ముడిపెట్టడం డాక్టర్లకే కష్టం. రోగి చెప్పే తేదీలే అక్కడ ఆధారం.

ఫిర్యాదు డాక్టరే చేయాలని లేదు. రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024, పనిదినాల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా పనిచేస్తుంది. ఫారంలో అడిగేవి రోగి వయసు, మందు పేరు, ఎందుకు వాడారు, ఏ తేదీన మొదలుపెట్టారు, ఇబ్బంది ఏ తేదీన మొదలైంది, అదే సమయంలో ఇంకేం మందులు వాడుతున్నారు వంటివి. బ్యాచ్ నంబరు ఉంటే అదీ రాయొచ్చు. అది స్ట్రిప్‌కి ఒక అంచున, గడువు తేదీ పక్కనే ముద్రించి ఉంటుంది.